టెస్టు కౌంటర్ దాకా వచ్చింది, టీకా రాలేదు

2022 జనవరి చివర్లో వాట్సాప్ గ్రూపుల్లో ఒక వార్త బాగా తిరిగింది. ఇకమీదట కరోనా టీకా మెడికల్ షాపులోనే దొరుకుతుందని, డోలో మాత్ర కొన్నట్టు కొనుక్కోవచ్చని దాని సారాంశం. జనవరి 27న కోవిషీల్డ్‌కు, కోవాగ్జిన్‌కు కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ మార్కెట్ అనుమతి ఇచ్చిన మాట నిజమే. అప్పటిదాకా వాటికి ఉన్నది అత్యవసర వినియోగ అనుమతి మాత్రమే. మార్కెట్ అన్న మాట వినగానే ఎవరికైనా వీధి చివరి షాపే గుర్తొస్తుంది కదా. కానీ అనుమతి వెంట వచ్చిన షరతులు చదివినవాళ్లు తక్కువ. టీకాను ఆస్పత్రులు, క్లినిక్కులు కొనుక్కుని వేయవచ్చు. వేసిన ప్రతి డోసూ ప్రభుత్వ టీకా పోర్టల్ కోవిన్‌లో ఎక్కించాలి. భద్రతకు సంబంధించిన వివరాలను కంపెనీలు ఆరు నెలలకోసారి సమర్పించాలి. మందుల షాపుల్లో మాత్రం అమ్మకానికి ఉండదని ప్రభుత్వ వర్గాలు అప్పుడే తేల్చి చెప్పాయి.

అదే నెలలో, ఒమిక్రాన్ ఊరంతా తిరుగుతున్నప్పుడు, తిరుపతి తిలక్ రోడ్డులో గానీ చిత్తూరు చర్చి వీధిలో గానీ మెడికల్ షాపుకు వెళ్లి కరోనా టెస్టు కిట్ అడిగితే చేతికిచ్చేవాళ్లు. డాక్టర్ చీటీ అక్కర్లేదు, ఆధార్ అక్కర్లేదు. జబ్బు ఒకటే, కౌంటర్ ఒకటే. టెస్టు ఆ కౌంటర్ దాటి ఇంట్లోకి వెళ్లిపోయింది. టీకా కౌంటర్ దాకా కూడా రాలేదు. మన దేశంలో అంతే అని చేతులు దులుపుకోవడం సులువు గానీ, కాస్త తవ్వి చూస్తే ఇందులో చట్టం ఉంది, లెక్క ఉంది, వార్డు సచివాలయం ఉంది, గోడకు వేలాడే ఒక సర్టిఫికెట్ కూడా ఉంది.

తిరుపతి ఇళ్లలో ఈ ప్రశ్న రావడానికి అమెరికా ఒక కారణం. కొడుకో కూతురో డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న ఇల్లు దాదాపు ప్రతి వీధిలో ఒకటి ఉంటుంది. ఆరు నెలలు అక్కడ ఉండి వచ్చిన అమ్మానాన్నలు చెప్పే వింతల్లో మందుల షాపులో టీకా ఒకటి. సీవీఎస్, వాల్‌గ్రీన్స్ లాంటి షాపు లోపలికి వెళితే ముందు షాంపూలు, చాక్లెట్లు, గ్రీటింగ్ కార్డులు. వెనక గోడ వైపు మందుల కౌంటర్. దాని పక్కన చిన్న గదో, అడ్డుతెర వేసిన మూలో, అందులో కుర్చీ. ఫోన్‌లో టైమ్ బుక్ చేసుకుని వెళితే తెల్లకోటు వేసుకున్న ఫార్మసిస్టే వచ్చి భుజానికి సూది వేసి, పావుగంట షాపులోనే ఉండమని చెప్పి, తర్వాతి మనిషిని పిలుస్తుంది. డాక్టర్ లేకుండానా అని ఇక్కడివాళ్లు నోరు వెళ్లబెడతారు.

డాక్టర్ లేకుండా జరిగే ఆ పని వెనక పాతికేళ్ల కథ ఉంది. ఫార్మసిస్టులకు టీకాలు వేయడంలో శిక్షణ ఇవ్వడం అక్కడ 1990ల మధ్యలోనే మొదలైంది. 2009 నాటికి 50 రాష్ట్రాల్లోనూ వాళ్లకు ఏదో ఒక టీకా వేసే అధికారం వచ్చింది. ఏటా చలికాలం ముందు ఫ్లూ టీకా అక్కడే వేయించుకోవడం జనానికి అలవాటైపోయింది. కరోనా వచ్చేనాటికి దారి పడి ఉంది, ప్రభుత్వం దాన్ని వెడల్పు చేసిందంతే. 2020లో అత్యవసర చట్టం కింద ఇచ్చిన ఉత్తర్వుల్లో షరతులు రాసి పెట్టారు. 20 గంటల గుర్తింపు పొందిన శిక్షణ ఉండాలి, గుండె ఆగితే చేయాల్సిన సీపీఆర్ వచ్చి ఉండాలి, వేసిన ప్రతి డోసూ రాష్ట్ర టీకా రికార్డులో చేరాలి. 2021 ఫిబ్రవరి 11న ఫెడరల్ ప్రభుత్వం నేరుగా షాపులకు టీకా పంపే కార్యక్రమం మొదలుపెట్టింది. 21 ఫార్మసీ సంస్థలు, కూటములు, వాటి కింద 40 వేలకు పైగా షాపులు. ఆ ఒక్క కార్యక్రమం ద్వారానే 30 కోట్లకు పైగా డోసులు పడ్డాయి. అక్కడి జనాభాలో 90 శాతం మందికి ఇంటి నుంచి 5 మైళ్ల లోపు ఏదో ఒక ఫార్మసీ ఉంటుందన్న లెక్క మీద కట్టిన ఏర్పాటు అది. బ్రిటన్‌లో 2021 జనవరిలో, ఫ్రాన్స్‌లో అదే ఏడాది మార్చిలో ఫార్మసీలు టీకాల్లోకి దిగాయి.

ఇందులో డబ్బు సంగతి చాలామంది గమనించరు. 2021 మార్చి మధ్య నుంచి అమెరికాలో పెద్దవాళ్లకు ప్రభుత్వం నడిపే బీమా పథకం మెడికేర్ ఒక్కో కరోనా డోసు వేసినందుకు సుమారు 40 డాలర్లు చెల్లించింది. టీకా మందు ప్రభుత్వమే ఉచితంగా ఇచ్చింది కాబట్టి ఈ 40 డాలర్లు మందు ఖరీదు కింద పోయేవి కావు. సూది వేసి, పేరు రాసి, పావుగంట మనిషిని కనిపెట్టుకుని ఉన్నందుకు ఇచ్చిన కూలి అది. మన దగ్గర 2022 ఏప్రిల్ 10 నుంచి 18 ఏళ్లు దాటినవాళ్లకు ప్రైవేటులో ప్రికాషన్ (బూస్టర్) డోసు మొదలైనప్పుడు మందు ధర 225 రూపాయలకు దించారు, సర్వీస్ చార్జీ 150 దాటకూడదన్నారు. జేబు మీద భారం తగ్గించడానికి అది సరైన నిర్ణయమే. కానీ ఆ 150లోనే నర్సు జీతం, గది అద్దె, కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి, రియాక్షన్ వస్తే వాడాల్సిన ఇంజెక్షన్లు అన్నీ రావాలి. ఆస్పత్రికైతే ఇవన్నీ ఎలాగూ ఉన్నాయి. రోడ్డు పక్క షట్టర్ వెడల్పున ఉన్న మందుల షాపుకు వీటిలో ఒక్కటీ లేదు.

ఇక సీసా (వయల్) లెక్క. కోవిషీల్డ్ సీసా ఒకదాంట్లో పది డోసులు. ఒక్కో డోసు అర మిల్లీలీటరు. మూత గుచ్చాక నాలుగు గంటల్లో వాడేయాలని, మిగిలింది పారేయాలని మన దగ్గర మొదట పెట్టిన నియమం. కొర్లగుంటలో ఒక మెడికల్ షాపుకు టీకా వేసే అనుమతి ఉందనే అనుకుందాం. ఉదయం 11కి భార్యాభర్తలు ఇద్దరు వస్తారు. సీసా గుచ్చుతారు. మధ్యాహ్నం ఎండకు ఎవరూ రారు. సాయంత్రం 5కి ఆఫీసు నుంచి ఒకాయన వస్తాడు. అప్పటికి మొదటి సీసా చెత్తబుట్టలో ఉంటుంది, ఆయన కోసం రెండోది గుచ్చాలి. ముగ్గురికి టీకా వేసేసరికి రెండు సీసాలు, ఇరవై డోసులు. అమెరికాలోనూ ఈ తలనొప్పి ఉండేది. షాపు మూసే వేళకు మిగిలిన డోసుల కోసం వెయిటింగ్ లిస్టులు పెట్టి ఫోన్లు చేసేవాళ్లు. సీసాలో పది డోసులున్నప్పుడు పదిమందిని ఒక చోటికి, ఒక పూటకు చేర్చగలిగినవాడే టీకా వేయగలడు.

ఆ పదిమందిని చేర్చగలిగిన వ్యవస్థ మన ఊళ్లో వేరే ఉంది. 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలు. వార్డు వార్డుకూ ఏఎన్ఎం, ఆశా, అప్పట్లో యాభై ఇళ్లకు ఒక వలంటీరు. ఎవరింట్లో షుగరున్న పెద్దాయన ఉన్నాడో, ఏ కోడలు నెల తప్పిందో, ఎవరు మొదటి డోసు వేసుకుని రెండోదానికి రాలేదో వాళ్ల దగ్గర జాబితా ఉండేది. ఫోన్ వచ్చేది, మనిషి రాకపోతే గుమ్మం ముందుకొచ్చి పిలిచేవాళ్లు. 2021 జూన్ 20న రాష్ట్రం ఒక్క రోజులో 13 లక్షలకు పైగా డోసులు వేసింది ఈ మనుషులతోనే. మండుటెండలో స్కూలు వరండాలో బల్ల, దాని మీద నీలం రంగు వ్యాక్సిన్ క్యారియర్, లోపల ఐస్ ప్యాకుల మధ్య సీసాలు, పక్కన సూది ముక్కలు చేసే హబ్ కట్టర్, ఫోన్‌లో కోవిన్ తెరవడానికి సిగ్నల్ కోసం చెట్టు కిందికి పరిగెత్తే కుర్రాడు. చూడ్డానికి సీవీఎస్ అంత శుభ్రంగా లేకపోయినా, 'ఇంటికి దగ్గర్లో, తెలిసిన మనిషి చేత' అన్న పనిని చేసిపెట్టింది అదే. అందుకే మెడికల్ షాపులో టీకా లేకపోవడం వల్ల తిరుపతి ఏదో కోల్పోయిందని గట్టిగా అనలేం. అక్కడ ఫార్మసీ నింపిన ఖాళీని ఇక్కడ ఏఎన్ఎం అప్పటికే నింపింది.

ప్రైవేటు వాటా అనుభవం చూసినా అదే తేలుతుంది. 2021లో ఉత్పత్తయిన టీకాల్లో 25 శాతాన్ని ప్రైవేటు ఆస్పత్రుల కోసం పక్కన పెట్టారు. కోవిషీల్డ్ 780, కోవాగ్జిన్ 1,410 అని గరిష్ఠ ధరలు కట్టారు. సందు చివర ఉచితంగా వేస్తున్నప్పుడు డబ్బు పెట్టి వేయించుకునేవాళ్లు పెద్ద నగరాల్లో దొరికారు గానీ, చిన్న ఊళ్లలో పలచబడిపోయారు. ఆ వాటాలో చాలా భాగం వాడకుండానే మిగిలింది. మెడికల్ షాపులకు అనుమతి ఇచ్చి ఉంటే వాటి గతీ అంతే అయ్యేది, పైగా ఫ్రిజ్‌లో పెట్టుబడి ఇరుక్కునేది.

ఆ తర్వాత సంగతే కొంచెం చిత్రం. హైదరాబాద్‌కు చెందిన బయోలాజికల్ ఈ సంస్థ కార్బెవాక్స్‌ను ప్రైవేటు మార్కెట్‌కు ఒక్క డోసు సీసాల్లో తెచ్చింది. 2022 మేలో ధరను 840 నుంచి 250కి దించింది. పదిమందిని పోగేయాల్సిన బాధ పోయింది, ధర దిగింది, మామూలు ఫ్రిజ్ చలి అంటే 2 నుంచి 8 డిగ్రీలు చాలు. చిన్న షాపుకు సరిగ్గా సరిపోయే సరుకు తయారైంది. అప్పటికి వేయించుకునేవాళ్లు లేరు. జులై 15 నుంచి 75 రోజుల పాటు ప్రభుత్వమే ప్రికాషన్ డోసు ఉచితంగా వేస్తామని పిలిచినా సచివాలయాల ముందు మునుపటి వరుసలు కనిపించలేదు.

ఫ్రిజ్ గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. చాలా షాపుల్లో ఉండేది ఇంట్లో వాడే మామూలు ఫ్రిజ్. అందులో ఇన్సులిన్, టీటీ ఇంజెక్షన్లు, కుక్క కాటు టీకా, కొన్ని చుక్కల మందులు, అప్పుడప్పుడూ షాపాయన మంచినీళ్ల సీసా. రోజుకు వందసార్లు తలుపు తీస్తారు. ప్రభుత్వ టీకా కేంద్రాల్లో వాడే ఐఎల్ఆర్ అనే పెట్టె పైకి తెరుచుకుంటుంది, తలుపు తీసినా చల్లగాలి కిందికి జారిపోదు, లోపలి ఐస్ పొర వల్ల కరెంటు పోయినా గంటల తరబడి చలి నిలుస్తుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో ఈ తేడా చిన్నదేమీ కాదు.

చట్టం ఏమంటుందన్నది ఇంకో ముడి. మెడికల్ షాపుకు ఇచ్చే డ్రగ్ లైసెన్సు 1945 నాటి నియమాల కింద ఫారం 20, ఫారం 21 రూపంలో ఉంటుంది. టీకాలు, ఇన్సులిన్ లాంటివి అమ్మడానికి ఈ రెండోది కావాలి. అంటే టీకా అమ్మే హక్కు షాపుకు ఉంది. వేసే హక్కు ఆ లైసెన్సులో లేదు. ఈ రెండింటి మధ్య ఏం జరుగుతుందో చూడాలంటే కుక్క కరిచి, ప్రైవేటు క్లినిక్కుకు వెళ్లిన మనిషి వెంట నడవాలి. డాక్టర్ చీటీ రాస్తాడు. షాపాయన ఫ్రిజ్‌లోంచి చిన్న డబ్బా తీసి, ఐస్ ముక్క వేసిన ప్లాస్టిక్ కవర్లో పెట్టి, "ఎండలో నిలబడొద్దు సామీ, నేరుగా పోయి వేయించుకో" అంటాడు. ఆ మనిషి కవర్ పట్టుకుని ఆటో ఎక్కి, దారిలో ఏటీఎం దగ్గర ఆగి, క్లినిక్కులో టోకెన్ తీసుకుని అరగంట కూర్చుంటాడు. ఫ్యాక్టరీ నుంచి షాపు దాకా డిగ్రీలు కొలుస్తూ తెచ్చిన టీకా చివరి కిలోమీటరు మాత్రం రోగి తొడ మీద కరుగుతున్న ఐస్ పక్కన ప్రయాణిస్తుంది. రుయా లాంటి ప్రభుత్వ ఆస్పత్రికి వెళితే ఈ బాధ లేదు, టీకా అక్కడే ఉంటుంది, ఉచితం కూడా. కానీ ప్రైవేటులో అమ్మకానికి ఒకరు, వేయడానికి ఒకరు అని విడదీసిన పద్ధతి రోగి భద్రత కోసం పుట్టినా, చలి విషయంలో దానికి వ్యతిరేకంగా పనిచేస్తోంది.

సూది అంటే మన వాళ్లకు భయమేం లేదు, ఆ మాటకొస్తే మోజే ఎక్కువ. జ్వరమొస్తే 'మాత్తర్లు వద్దు, సూదెయ్యి' అనే ఊళ్లు చిత్తూరు చుట్టూ ఇప్పటికీ ఉన్నాయి. ఆ మోజు తీర్చేది ఎక్కువగా ఆర్ఎంపీలు. మెడికల్ షాపు వెనక గదిలో సూది వేసే అలవాటూ అక్కడక్కడా ఉన్నదే. కాబట్టి ఫార్మసీలో టీకాకు అనుమతి ఇస్తే సమస్య జనం రాకపోవడం దగ్గర రాదు. ఏ సూది ఎవరు వేశారో, ఏ బ్యాచ్‌దో, వేశాక కళ్లు తిరిగితే ఎవరు చూశారో రాసి ఉంచే అలవాటు లేకపోవడం దగ్గర వస్తుంది. కరోనా టీకాకు ఆ రాత కోవిన్ రూపంలో తప్పనిసరైంది. టీకా గది, ఎదురుచూసే గది, వేశాక 30 నిమిషాలు కూర్చోబెట్టే గది అని మూడు వేరుగా ఉండాలన్న మార్గదర్శకాలు వచ్చాయి. పది అడుగుల షాపులో మూడు గదులు ఎక్కడి నుంచి వస్తాయి?

టెస్టు దారి వేరుగా నడిచింది. 2020 మార్చిలో రాష్ట్రంలో కరోనా నమూనాలు పరీక్షించే ల్యాబులను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఒకటి తిరుపతి స్విమ్స్ ఆస్పత్రిలో ఉంది. ప్రైవేటులో టెస్టుకు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అప్పుడు కట్టిన గరిష్ఠ ధర 4,500 రూపాయలు. ఆ వేసవి దాటేసరికి ఆర్టీసీ బస్సులను మార్చి 'సంజీవని' పేరుతో వీధుల్లోకి పంపారు, కిటికీలోంచి చేతులు బయటపెట్టి ముక్కులో పుల్ల తిప్పేవాళ్లు. తర్వాత 2021 మే 19న ఐసీఎంఆర్ ఇంట్లో చేసుకునే టెస్టుకు పచ్చజెండా ఊపింది. పుణె కంపెనీ మైల్యాబ్ తెచ్చిన కోవిసెల్ఫ్, ధర 250. స్విమ్స్ ల్యాబులో మొదలైన పని పద్నాలుగు నెలల్లో వంటింటి గట్టు మీదికి వచ్చింది.

కిట్ పెట్టెలో ఉండేవి నాలుగు వస్తువులు. దూది చుట్టిన పుల్ల, ద్రవం నింపిన చిన్న ట్యూబు, గీతలు పడే కార్డు, వాడాక అన్నీ వేసి పారేయడానికి ఒక సంచి. పుల్లను రెండు ముక్కుల్లోనూ రెండు నుంచి నాలుగు సెంటీమీటర్లు పోనిచ్చి ఒక్కోదాంట్లో ఐదుసార్లు తిప్పాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే, ముక్కు అంచున గిలిగింత పెట్టి తీసేస్తారు. ట్యూబులో ముంచి తిప్పి, కార్డు మీద రెండు చుక్కలు వేసి, 15 నిమిషాలు ఆగాలి. సి దగ్గర గీత వస్తే కార్డు పనిచేసినట్టు, టి దగ్గర కూడా వస్తే పాజిటివ్. 20 నిమిషాలు దాటాక వచ్చే గీతను లెక్కలోకి తీసుకోకూడదు. పాజిటివ్ వస్తే మళ్లీ పరీక్ష అక్కర్లేదు, కరోనా ఉన్నట్టే. నెగెటివ్ దగ్గరే ఉంది మెలిక. జ్వరం, దగ్గు ఉండి కూడా నెగెటివ్ వస్తే ల్యాబులో ఆర్టీపీసీఆర్ టెస్టు చేయించుకుని తీరాలని ఐసీఎంఆర్ అదే కాగితంలో రాసింది. ఇంట్లో మాత్రం ఒక్క గీత కనిపించగానే 'హమ్మయ్య' అనుకుని పెళ్లికి బయల్దేరినవాళ్లే ఎక్కువ. ఈ కిట్ చేసేది యాంటిజెన్ టెస్టు, అది వైరస్ బాగా ఉన్నప్పుడే పట్టుకుంటుంది. జబ్బు మొదటి రోజున గానీ, తగ్గుముఖం పట్టాక గానీ జారవిడుచుకునే అవకాశం ఎక్కువ.

పెట్టె మీద ఇంకో సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది. చాలా కిట్లను 30 డిగ్రీలు దాటని చోట ఉంచాలి. ఏసీ లేని షాపులో, మధ్యాహ్నం రేకుల కింద, ఏప్రిల్ మే నెలల్లో 30 డిగ్రీలు అంటే తెల్లవారుజామున మాత్రమే సాధ్యం. టీకా చలి గురించి అన్ని నియమాలు రాసిన ప్రభుత్వం టెస్టు కిట్ ఏ ఎండలో ఉందో అడగలేదు. ఇప్పటికీ కిట్ కొనేవాళ్లు ఎక్స్‌పైరీ తేదీ ఒక్కటే చూస్తారు, అది ఏ అరలో ఎన్ని వేసవులు గడిపిందో చూడరు.

ఇంట్లో వచ్చిన ఫలితం ఎక్కడికి పోతుంది? నియమం ప్రకారం కంపెనీ యాప్‌లో పేరు నమోదు చేసుకుని, కార్డు ఫొటో తీసి పంపాలి. అక్కడి నుంచి అది ఐసీఎంఆర్‌కు చేరాలి. 2022 జనవరిలో ముంబై నగరపాలక సంస్థ కిట్లు ఎన్ని అమ్ముడవుతున్నాయో, ఎవరు కొంటున్నారో చెప్పాలని మందుల షాపులకు ఆదేశాలు ఇవ్వాల్సి వచ్చింది. అమ్ముడైన కిట్లకూ, యాప్‌కు వచ్చిన ఫలితాలకూ పొంతన లేదన్నమాట. పాజిటివ్ వచ్చిన మనిషి తన పేరు తానే ప్రభుత్వానికి చెప్పుకుంటాడని ఆశించడం అమాయకత్వం. చెబితే ఇంటి గేటుకు కర్రలు కడతారని 2020లోనే అందరికీ తెలిసిపోయింది. తిరుపతిలో ఇంకో అడ్డూ ఉండేది. 2021 సెప్టెంబరులో టీటీడీ శ్రీవారి దర్శనానికి రెండు డోసుల సర్టిఫికెట్ గానీ, అంతకుముందు 72 గంటల్లో చేయించుకున్న నెగెటివ్ రిపోర్టు గానీ తప్పనిసరి చేసింది. ఇంటి కిట్ కార్డు మీద పేరు ఉండదు, తేదీ ఉండదు. దాన్ని చూపించి అలిపిరి దాటడం కుదిరేది కాదు. కాగితం కావాలంటే ల్యాబుకు పోవాల్సి వచ్చేది. అంటే మందుల షాపు టెస్టు ఇంటి మనిషి అనుమానం తీర్చడానికి పనికొచ్చింది, ఊరికి ఏమీ చెప్పలేదు.

ఇందులో ఒక ఎదురుదెబ్బ లాంటి విషయం ఉంది. 2020 లాక్‌డౌన్ రోజుల్లో రాష్ట్ర ప్రభుత్వం మందుల షాపుల కోసమే ఒక యాప్ తెచ్చింది. జ్వరానికి, దగ్గుకు, జలుబుకు మందు కొన్నవాళ్ల పేరూ ఫోన్ నంబరూ అందులో ఎక్కించాలి. ఆరోగ్య సిబ్బంది ఆ ఇళ్లకు వెళ్లి చూస్తారు. ఆలోచన తెలివైనదే. ఊళ్లో జ్వరాలు పెరిగితే డాక్టర్ కన్నా ముందు తెలిసేది షాపాయనకే. కానీ రోజూ పలకరించే గిరాకీని నిఘా కింద పెట్టమనేసరికి కౌంటర్ మీద నమ్మకానికి చిన్న బీట పడింది. జ్వరమని చెప్పకుండా 'ఒళ్లు నొప్పులకి' అని మాత్ర అడగడం జనం ఎంతలో నేర్చుకుంటారు! షాపుకు సమాచారం పంపే పని ఇచ్చారు, దానికి బదులుగా టెస్టు చేసే పని, సలహా ఇచ్చే పని ఇవ్వలేదు. అమెరికాలో 2022 మార్చిలో మొదలైన ఏర్పాటులో కొన్ని ఫార్మసీల్లో ఉన్న క్లినిక్కుల దగ్గర టెస్టు చేయించుకుని, పాజిటివ్ వస్తే అక్కడికక్కడే వైరస్‌ను అణిచే మాత్రలు తీసుకుని వెళ్లగలిగేవాళ్లు. పేరు చెబితే ఏదో ఒకటి చేతికి వస్తుందన్నప్పుడు దాచాలన్న ఆలోచన రాదు.

అలాగని అమెరికా పద్ధతి అచ్చంగా పూలబాట కూడా కాదు. టీకాలు, టెస్టులు, ఫోన్లు, మామూలు మందులు అన్నీ అవే చేతుల మీద పడి, 2023లో సీవీఎస్, వాల్‌గ్రీన్స్ ఫార్మసిస్టులు పలుచోట్ల పని ఆపి బయటికి వచ్చారు. 2025లో అక్కడి ప్రభుత్వం కొత్త కరోనా టీకా అనుమతిని 65 ఏళ్లు దాటినవాళ్లకు, ముప్పు ఎక్కువున్న జబ్బులున్నవాళ్లకు కుదించడంతో, కొన్ని రాష్ట్రాల్లో కొంతకాలం డాక్టర్ చీటీ ఉంటే గానీ ఫార్మసీలో వేయని పరిస్థితి వచ్చింది. పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు ఆ రాష్ట్రంలో అప్పటి నియమం ఏమిటో కనుక్కుని వెళ్లడం మంచిది. కోవిన్ సర్టిఫికెట్ ప్రింటు ఒకటి సంచిలో ఉంటే, ఇదివరకు ఏ టీకా ఎప్పుడు వేశారని అడిగినప్పుడు తడుముకోనక్కర్లేదు.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించాక ఇక్కడ ఆ టీకా గురించి అడిగేవాళ్లు లేరు. ప్రశ్న మాత్రం పోలేదు, రూపం మారింది. షుగరూ బీపీ ఉన్న అరవై ఏళ్ల మనిషికి ఏటా ఫ్లూ టీకా, ఒకసారి న్యుమోనియా టీకా వేయించుకోమని డాక్టర్లు చెబుతున్నారు. పెద్దవాళ్లకు ఇవి ప్రభుత్వ ఉచిత జాబితాలో లేవు. ఏఎన్ఎం మామూలు టీకాల జాబితాలో ఉండేది పిల్లలు, గర్భిణులు. పెద్దవాళ్ల టీకాల విషయంలో ఆ ఖాళీని నింపేవాళ్లు మన ఊళ్లో ఇంకా లేరు. ఫార్మసీ ఆలోచన పనికొస్తే ఇక్కడ పనికొస్తుంది. ఒక్క డోసు సిరంజీలు ఉన్నాయి, ఆరేళ్లు చదివి ఫార్మ్-డి పట్టాతో బయటికొస్తున్న పిల్లలు ఉన్నారు. ఈ కోర్సు దేశంలో 2008లో మొదలైంది. ఆస్పత్రి వార్డుల్లో శిక్షణ పొందిన వీళ్లలో చాలామంది చివరికి కంపెనీల్లో కంప్యూటర్ ముందు తేలుతున్నారు.

అయితే దానికన్నా ముందు తేల్చాల్సింది ఒకటుంది. 1948 ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం డాక్టర్ చీటీ మీద మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టు. షాపు గోడకు లైసెన్సుతో పాటు ఆ ఫార్మసిస్టు రిజిస్ట్రేషన్ కాగితం, దాని మీద ఫొటో వేలాడుతూ ఉంటాయి. సర్టిఫికెట్ అద్దెకివ్వడం అనే మాట ఈ వ్యాపారంలో అందరికీ తెలిసిందే. ఫొటోలోని మనిషి ఇంకెక్కడో ఉద్యోగం చేసుకుంటూ నెలనెలా కొంత తీసుకుంటాడు, కౌంటర్‌లో పదో తరగతి చదివి పదేళ్ల అనుభవంతో మందుల పేర్లు వల్లెవేసే కుర్రాడు ఉంటాడు. చురుకైనవాడే, రాత్రి పదింటికి కూడా అరువు మీద మాత్రలిచ్చి పంపేవాడే. కానీ టీకా వేశాక ఎదురుగా ఉన్న మనిషికి ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరాడకపోతే ప్రాణం నిలిపే ఎడ్రినలిన్ ఇంజెక్షన్ ఎంత, ఎక్కడ వేయాలో తెలియాల్సింది అతనికి. ఫార్మసీల్లో టీకాకు అనుమతి ఇవ్వాలని ఎవరైనా ఫైలు కదిపితే, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఒక సాయంత్రం ఏడింటికి చెప్పకుండా వచ్చి గోడ మీది ఫొటోనూ కౌంటర్‌లోని మొహాన్నీ పోల్చి చూసుకోవడంతో మొదలుపెట్టాలి.